మడతలో చిలుక

8 జూన్ 2025, ఆదివారం
లాల్ దర్వాజ

ఈ నెల చీటీ నేనే ఎత్తాను. పాటకు పోటీ వచ్చినవాళ్ళు లేరు. చేతికి 28 వేలు వచ్చాయి. ఫ్రిజ్ మార్చుదామని ఆయన అంటున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. డబ్బు బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసి వచ్చాను.

నా మనసులో ఉన్నది కాగితం కోసే మిషను. బల్ల మీద పెట్టుకునేది, కంప్యూటర్లో బొమ్మ ఇస్తే సన్నటి బ్లేడుతో దాన్నే కోసి ఇచ్చేది. రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఇప్పుడు ఇక ఆగలేననిపించడానికి కారణం అత్తమ్మ చెయ్యి. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయిందని మొన్న డాక్టరు చెప్పాడు. కత్తెర పట్టొద్దన్నాడు. ఆమె బుద్ధిగా తలూపి, ఇంటికి రాగానే కత్తెర తీసుకెళ్ళి తన దిండు కింద పెట్టుకుంది.

ఆషాఢానికి ఇంకా పద్దెనిమిది రోజులే. లాల్ దర్వాజ బోనాలు జూలై 20న. మా ఇంటి నుంచి సింహవాహిని అమ్మవారికి ఏటా తొట్టెల పోతుంది. వెదురు బద్దలతో అంతస్తులుగా కట్టి, రంగు కాగితాలు అతికించి, అంచులకు జాలర్లు, నడుమ పూలు, చిలుకలు. వెదురు పని మగవాళ్ళది, కాగితం పని అత్తమ్మది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ ఆమెదే. నలభై నాలుగేళ్ళు.

నేను చేసేది వేరు. బారసాలకు పేర్ల తోరణాలు, పుట్టినరోజు కార్డులు, పెళ్ళి కవర్లు, బడి పిల్లల ప్రాజెక్టులు. నాలుగేళ్ళుగా అన్నీ పేపర్ కట్టర్ పట్టుకుని చేత్తోనే కోస్తున్నాను. ఒక్క పేరు కోయాలంటే గంటన్నర. నా మణికట్టు కూడా ఈమధ్య రాత్రుళ్ళు లాగుతోంది. అత్తమ్మ బొటనవేలు చూస్తుంటే నా పదేళ్ళ తర్వాతి చెయ్యి కనిపిస్తోంది.

11 జూన్, బుధవారం

ఛత్తా బజారుకు పోయి వచ్చాను. మిషను సంగతి అడగాలంటే ముందు అక్కడే అడగాలి. ఉర్దూ కాతిబులు కూర్చుని చేత్తో రాసిన బజారు అది. ఇప్పుడు పొడుగునా పెళ్ళి కార్డుల దుకాణాలే.

దారిలో గుల్జార్ హౌజ్ దగ్గర ఆటో నెమ్మదించింది. మే 18న కాలిపోయిన ఇల్లు. 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆటోలో ఎవరం మాట్లాడలేదు.

నా కవర్లు అచ్చువేసే ప్రెస్సు భాయ్ నన్ను లోపలికి పిలిచి అన్నీ చూపించాడు. పాత ట్రెడిల్ మిషను ఇప్పుడు అచ్చుకు వాడటంలేదు, డై పంచింగ్‌కే. చెక్కలో ఉక్కు పట్టీని బొమ్మ ఆకారానికి వంచి దిగ్గొడతారు, అదే డై. మిషను ఒక్కసారి మూసుకుంటే ఒక కార్డు తెగుతుంది. పక్క గదిలో లేజర్. ఐవరీ కార్డు మీద జాలీ పని చేస్తోంది, అంత సన్నటి పని ఏ చెయ్యీ చేయలేదు. కానీ అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. గదంతా మాడిన వాసన.

ఆయన చెప్పిన లెక్క నాకు నచ్చింది. "ఐదొందల కార్డులైతే డై కొట్టియ్యమ్మా. యాభైయైతే నా లేజర్ల కోస్త. ఐదే గావాలె, ఆ ఐదూ ఐదు తీర్లుండాలె అంటే, గప్పుడు ఇంట్లకు మిషన్ తెచ్చుకో."

నాకు వచ్చే పనంతా ఆ మూడో రకమే. ప్రతి బారసాలకు పేరు మారుతుంది.

ఇళ్ళలో పెట్టుకునే చిన్న లేజర్లు కూడా వస్తున్నాయట కదా అని అడిగాను. చేతులు రెండూ ఊపాడు. "నక్కో అమ్మా, ఇంట్ల నక్కో. కాయితాలు, బట్టలు, పొగ. పక్కన మనిషి లేకుండ దాన్ని ఒక్క నిమిషం ఇడవొద్దు." మా ఇల్లు రెండు గదులు, సందు మూరెడు, కిటికీ ఒకటి. మంచాల కింద రంగు కాగితాల కట్టలు. గుల్జార్ హౌజ్ దాటి వచ్చినదాన్ని, నాకు ఇంకో మాట అక్కర్లేకపోయింది. కాల్చి కోసేది మా ఇంట్లోకి రాదు. బ్లేడుతో కోసేదే.

14 జూన్, శనివారం

మా చిన్నోడు కాలేజీకి సెలవని కూర్చుని నాతోపాటు వెతికాడు. చివరికి మూడు పేర్లు మిగిలాయి: క్రికట్, సిల్హౌట్, బ్రదర్ వాళ్ళ స్కానెన్‌కట్.

క్రికట్ అమెరికాలో యూటా రాష్ట్రపు కంపెనీ. ఎక్కువమంది వాడేది ఇదే, నేర్పే వీడియోలూ దీనికే ఎక్కువ. జాయ్ అనేది బాగా చిన్నది, నాలుగున్నర అంగుళాల వెడల్పే కోస్తుంది. మేకర్ పెద్దది. నాలుగు కిలోల బలంతో నొక్కగలదు, గుండ్రటి బ్లేడు పెడితే గుడ్డను కూడా కోస్తుంది. నేను గుడ్డ కోయను. నాకు రాని పనికి డబ్బు పెట్టడం దేనికి?

నన్ను ఆపింది ఇంకొకటి. బొమ్మ నాదే అయినా దాన్ని వాళ్ళ ఖాతాలోకి ఎక్కించి, అక్కడినుంచి కోయించుకోవాలి. 2021 మార్చిలో ఆ కంపెనీ, నెలకు డబ్బు కట్టనివాళ్ళు సొంత బొమ్మలు నెలకు ఇరవై మాత్రమే ఎక్కించాలని ప్రకటించింది. కొన్నవాళ్ళంతా గట్టిగా ఎదురు తిరిగితే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. తీసుకున్నారు, మంచిదే. కానీ నా బల్ల మీదున్న వస్తువుకు ఎక్కడో కూర్చున్నవాళ్ళు లెక్క పెట్టగలరని తెలిశాక ఆ మాట మనసులోంచి పోవడంలేదు. అత్తమ్మ చిలుకకు నెలనెలా అనుమతి అడగను. పైగా మా సందులో వాన పడితే నెట్ పోతుంది, మా పని మొత్తం వానాకాలంలోనే.

సిల్హౌట్ జపాన్‌లోని గ్రాఫ్‌టెక్ కుటుంబానిది. కేమియో 12 అంగుళాలు కోస్తుంది, పోర్ట్రెయిట్ 8 అంగుళాలు. దాని సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్లోనే ఉంటుంది, నెట్ లేకున్నా నడుస్తుంది. ఉచితంగా ఇచ్చే రకంలో ఎస్వీజీ ఫైళ్ళు తెరుచుకోవు, దానికి పైన డబ్బు కట్టాలి. కానీ మామూలు ఫోటో తెరిచి దాని అంచు పట్టుకుని గీత చేసుకోవచ్చు, డీఎక్స్ఎఫ్ కూడా తెరుచుకుంటుంది. చిన్నోడు ఇంక్‌స్కేప్‌లో డీఎక్స్ఎఫ్ చేసి ఇస్తానన్నాడు. అదీ ఉచితమే.

మూడోది చదివేసరికి లేచి కూర్చున్నాను. స్కానెన్‌కట్‌లో స్కానరు లోపలే ఉంటుంది. కాగితం మీద బొమ్మ పెడితే తనే చూసుకుని, తనే గీత చేసుకుని కోస్తుంది. కంప్యూటరే అక్కర్లేదు. అత్తమ్మ దగ్గరున్న పద్దుపుస్తకానికి ఇంతకన్నా ఏం కావాలి!

పద్దుపుస్తకం గురించి ఎప్పుడూ రాయలేదు కదా. మామయ్య కిరాణా కొట్టు నడిపినప్పటిది. అత్తమ్మ ప్రతి కొత్త పువ్వునూ పక్షినీ ఒకటి అదనంగా కోసి ఆ పుటల మధ్య పెట్టేది. చిలుక, జంట హంసలు, కలువ, దీపపు చెట్టు, మామిడి పిందె, వేపమండ. 31 లెక్క పెట్టాను. పన్నెండు ముట్టుకుంటే విరుగుతున్నాయి. చవక కాగితం ఆమ్లం పట్టి పచ్చబడి పెళుసైపోయింది. మిగతావి బాగున్నాయి. ప్రతి పక్షికీ కన్ను ఉంది, కంటి చుట్టూ సన్నటి గోధుమరంగు అంచు. అగరబత్తితో పెట్టిన కన్ను.

19 జూన్, గురువారం

కొనేముందు ఒక్కసారైనా చేసి చూడాలని పట్టుబట్టాను. ఛత్రినాక దగ్గర రేడియం కటింగ్ దుకాణం ఉంది. బండ్ల మీద పేర్లు, దేవుళ్ళు, నంబరు ప్లేట్లు కోసేవాళ్ళు. వాళ్ళ ప్లాటరూ ఇదే జాతి. ఇంటి మిషను దాని చెల్లెలనుకోవచ్చు. ఆ అన్న మంచివాడు. నా రంగు కాగితం చూసి నవ్వాడు గానీ కాదనలేదు.

తొట్టెలకు వాడేది పతంగి కాగితంలాంటి పల్చటి కాగితం. దాన్ని నేరుగా పెడితే రోలర్ల కిందే నలిగిపోయింది. అప్పుడాయన స్టిక్కరు తీసేసిన అట్ట మీద కొద్దిగా జిగురు ఉంచి కాగితం పరిచాడు. బ్లేడు కదిలింది. తిన్నటి గీతలు బాగానే వచ్చాయి. మూల తిరిగే దగ్గర మాత్రం కాగితం లేచి, బ్లేడు వెంట పోయి, చిరిగింది. వేగం తగ్గించాడు, బలం తగ్గించాడు. జాలరు పళ్ళు నాలుగు వచ్చాయి, ఐదోది ఊడింది. తీరా కోసినదాన్ని జిగురు మీంచి లేపబోతే మిగిలినవీ పోయాయి.

ఎందుకలా అవుతుందో ఆయన బ్లేడు తీసి చూపించాడు. అది పెన్సిలు మొనలా నడిమధ్యన ఉండదు. మొన కొద్దిగా పక్కకు ఉంటుంది. కుర్చీ కింది చక్రం మనం లాగిన వైపుకు తిరిగినట్టు ఈ మొన కూడా గీత వైపుకు తనే తిరుగుతుంది. తిరగడానికి కాగితాన్ని ఆనుకుంటుంది. మందంగా ఉంటే కాగితం ఆ బరువు మోస్తుంది, పల్చగా ఉంటే దానితోపాటే పోతుంది. గుండ్రాలు చిన్నవైనకొద్దీ కష్టం, తిరిగేందుకు చోటు చాలదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఇందులో వింత లేదనిపించింది. ధూల్‌పేటలో పతంగులవాళ్ళు కాగితాన్ని దొంతర పెట్టే కోస్తారు. మెక్సికోలో పండగలకు వీధుల్లో కట్టే పాపెల్ పికాదో జెండాలు కూడా ఇలాంటి పల్చటి కాగితాలే. పదులకొద్దీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఉలులతో సుత్తితో కొడతారు. పల్చటి కాగితం ఒక్కటిగా ఉంటే నిలబడలేదు, నలుగురితో కలిస్తే గట్టిది. మిషను ఒక్కొక్కటిగా తప్ప కోయదు. అత్తమ్మ మడత మీద మడత పెట్టి పదహారు పొరలు ఒక్కసారే కోస్తుంది.

అంటే జాలర్లకు మిషను పనికిరాదు. 28 వేలు పోసి తెచ్చాక తెలిసేదానికన్నా ఇవాళ ఒక గంట పోయి తెలియడం మేలు.

23 జూన్, సోమవారం

అయితే నా పనికి పనికొస్తుందా? దాన్నీ చూశాను. ఒక పెళ్ళివాళ్ళకు 60 పొట్లాల మీద "పసుపు కుంకుమ" అని పసుపు కార్డులో కోసిన అక్షరాలు కావాలి. రేడియం అన్న దగ్గరే నమూనా కోయించాను. 200 జీఎస్ఎమ్ కార్డు ముచ్చటగా తెగింది. చేతిలోకి తీసుకుంటే ప తలకట్టు కింద పడింది. సు తలకట్టు, పు తలకట్టు కూడా. కుంకుమలో సున్నా ఎటో పోయింది, బల్ల కింద వెతికితే దొరికింది.

ఇంగ్లీషులో విడిగా చుక్క ఉండేది ఒకటి రెండు అక్షరాలకే. మన అక్షరాల్లో ప, ష, స మీద తలకట్టు అంటకుండా ఊగుతూ ఉంటుంది. సున్నా ఒంటరిగా నిలబడుతుంది. అచ్చులో కాగితం వాటిని పట్టుకుంటుంది. అక్షరాన్నే కోసినప్పుడు పట్టుకునేదెవరు? చేత్తో కోసేటప్పుడు నేనే తెలియకుండా తలకట్టును కిందికి లాగి ఒంటికి ఆనించేదాన్ని. ఇన్నేళ్ళూ నా చెయ్యి చేస్తున్న ఆ సవరింపు నాకు ఇవాళే కనిపించింది.

ప్రెస్సులో అను ఫాంట్లలో కొట్టి ఇచ్చిన ఫైలు మా కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చాయి. అక్షరాలను కర్వ్స్, అంటే గీతలు చేసి ఇమ్మని మళ్ళీ అడగాల్సి వచ్చింది. చివరికి చిన్నోడు, నేను కూర్చుని ఇంక్‌స్కేప్‌లో రామభద్ర ఫాంటు పెట్టాం. అక్షరాలు దళసరిగా ఉంటాయి, కార్డుకు బలం. తలకట్లన్నీ కిందికి జరిపి ఒంటికి కలిపాం. సున్నాను రెండు పక్కలా అక్షరాలకు తాకించాం. అన్నిటినీ ఒకే గీతగా చేశాం. ఇప్పుడు మాట మొత్తం ఒక్క ముక్కగా చేతిలోకి వస్తుంది, హారంలా. అర్ధరాత్రి అయింది. నాకు నిద్ర రాలేదు, సంతోషంతో.

29 జూన్, ఆదివారం

మొన్న గురువారం గోల్కొండలో తొలి బోనం ఎత్తారు. ఇక రోజులు పరుగే.

ఇవాళ అత్తమ్మ ముందు తెల్లకాగితం, పెన్సిలు పెట్టి, చిలుకను గీసి ఇమ్మన్నాను. పుస్తకంలోని చిలుకకు తోక విరిగింది, అది మళ్ళీ కావాలి. ఆమె పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒక గీత గీసి ఆపింది. పెన్సిలు నా చేతికి ఇచ్చేసింది.

"నాకు గీయరాదు బిడ్డా. కోయొస్తది."

ఆమె ఎన్నడూ చిలుకను చూసి కోయలేదు. మడతలో ఉండేది సగం చిలుకే, తలకిందులుగా, ఇంకో చిలుక వీపుకు అంటుకుని. విప్పితే గానీ అది చిలుక కాదు. నలభై నాలుగేళ్ళుగా ఆమెకు తెలిసింది విప్పకముందటి ఆకారం. ఎక్కడ మడవాలి, ఎక్కడ లోపలికి పోవాలి, ఎక్కడ ఆగాలి. మిషనుకు కావాల్సింది విప్పిన బొమ్మ. ఈ రెండింటి మధ్యా నిలబడ్డది ఆమె బొటనవేలు.

అంటే విరిగిన ఆ పన్నెండూ ఆమె ఒక్కసారైనా మళ్ళీ కోయాలి. నేను ఏ మిషను కొన్నా, ఎంత పెట్టి కొన్నా, ముందు ఇది జరగాలి. కత్తెర పట్టొద్దని డాక్టరు మాట.

2 జూలై, బుధవారం

దారి దొరికింది. నేను కనిపెట్టింది కాదు, ఆమే చెప్పింది.

మధ్యాహ్నం కాగితం మడిచి ఎడమ చేత్తో పట్టుకుని, "నువ్వు కత్తెర పట్టు" అంది. పట్టాను. ఏ వైపు తిప్పాలని అడిగాను. "తిప్పకు. తెరువు, మూయి. గంతే." నేను తెరిచి మూశాను. ఆమె ఎడమ చెయ్యి కాగితాన్ని కత్తెరలోకి నడిపించింది. కొంచెం ఎత్తి, కొంచెం వంచి, ఒకచోట గిర్రున తిప్పి. నా కత్తెర కదల్లేదు. పళ్ళు తెరుచుకుని మూసుకోవడమే. మెడ వచ్చింది, రెక్క మీద మూడు గాట్లు వచ్చాయి. తోక దగ్గర "ఆగు" అంది. ఆగాను. వేలిగోటితో మడత ఒకసారి నొక్కి, "ఇప్పుడు" అంది.

విప్పాను. రెండు చిలుకలు ఎదురెదురుగా.

పదహారేళ్ళుగా ఈమె పక్కన కూర్చుని చూస్తున్నాను. నేను చూసింది కుడి చేతిని. పనంతా ఎడమ చేతిదని తెలియలేదు. ఎడమ చేతికి ఏ నొప్పీ లేదు.

సాయంత్రానికి నాలుగు అయ్యాయి. అన్నీ నల్ల చార్టు కాగితంలోనే కోశాం. తెల్లటి దాని మీద పెట్టి స్కాన్ చేస్తే అంచు స్పష్టంగా పడుతుంది. నేను ఒక్కసారి తొందరపడి ముందే మూశాను, హంస ముక్కు పోయింది. ఆమె ఏమీ అనలేదు. ఇంకో కాగితం మడిచింది.

6 జూలై, ఆదివారం

ఒకేరోజు తొలి ఏకాదశి, ఆషూరా. పొద్దున గుడి, పేలపిండి. మధ్యాహ్నం దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం చాదర్‌ఘాట్ వైపు. బజార్లు మూసి ఉన్నాయి. ఇంట్లోనే కూర్చుని తేల్చుకున్నాను.

నిన్న మలక్‌పేటలో ఒక టీచరమ్మ దగ్గర స్కానెన్‌కట్ చూసి వచ్చాను. మా నల్ల చిలుకను పెట్టి బొత్తాం నొక్కితే రెండు నిమిషాల్లో ఇంకో చిలుక. కంట నీళ్ళు తిరిగాయి. కానీ దాని ధర నా చీటీకి అందదు. అప్పు చేద్దామా అని ఆయనే అన్నారు, ఫ్రిజ్ అడిగిన మనిషి. వద్దన్నాను. ఆ మిషనులో నాకు కావాల్సింది స్కానరు. మా వీధి జిరాక్స్ దుకాణంలో స్కానరు ఉంది. ఫోనుతో ఫోటో తీస్తే చిలుక ఒక పక్కకు సాగుతోంది గానీ, జిరాక్స్ స్కానరులో సరిగ్గా ఉన్నదున్నట్టు వస్తోంది. 31 బొమ్మలూ ఒక్కసారి స్కాన్ చేయిస్తే అయిపోతుంది, ప్రతిరోజూ చేసేది కాదు.

ఇక కేమియోనా, పోర్ట్రెయిటా? పెద్దది ఉంటే తోరణం పెద్దది కోయొచ్చు. కానీ నా పని ఎంత వెడల్పు? పాత ఆర్డర్లన్నీ తీసి కొలిచాను. ఎనిమిది అంగుళాలు దాటినవి మూడే. బల్ల కొలిచాను. కార్డును అతికించి మిషనులోకి పంపే జిగురు చాప వెనక్కి జరగడానికి గోడకూ మిషనుకూ మధ్య అడుగు చోటు వదలాలి. చిన్నదే కుదురుతుంది. మిగిలిన డబ్బుతో అదనంగా రెండు బ్లేడులు, రెండు చాపలు, ఐవరీ కార్డు. మిషను కొని ఊరుకుంటే సరిపోదు, చాప జిగురు పోతుంది, బ్లేడు మొద్దుబారుతుంది. ఆ ఖర్చు మొదటే పక్కన పెట్టాలి.

పోర్ట్రెయిట్ ఆర్డరు పెట్టాం.

12 జూలై, శనివారం

నిన్న వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, దారం చుట్టి మొదలుపెట్టింది అత్తమ్మ.

మొదటి కోత పాడైంది, తప్పు నాదే. బ్లేడు లోతు ఎక్కువ పెట్టాను, కాగితంతోపాటు చాప మీద కూడా గాటు పడింది. తర్వాత ప్రతిసారీ ముందు మూలలో చిన్న చదరం కోసి చూస్తున్నాను. కొత్త చాప జిగురు మరీ గట్టిది, కార్డు వెనక పొర లేచిపోయింది. పాత నూలు చీర మీద రెండుసార్లు అద్దాక సరైంది. ముసురుకు కాగితం చెమ్మగిల్లి వంకర తిరుగుతోంది. కట్టలన్నీ మంచం కింద నుంచి తీసి ఇనప్పెట్టెలోకి మార్చాను. కార్డును మిషనులో పెట్టబోయేముందే బయటికి తీస్తున్నాను.

ఇంకోటి రాసుకోవాలి. కోసిన కార్డును చాప మీంచి లేపకూడదు. కార్డు బల్ల మీద ఆనేలా చాపను బోర్లించి, చాపనే వంచి లాగాలి. అప్పుడు కార్డు వంగదు.

సాయంత్రం చిలుకను కంప్యూటర్లో తెరిచాను. చిన్నోడు గీతను నున్నగా చేసే బొత్తాం నొక్కాడు. రెక్క మీది మూడు గాట్లు రెండయ్యాయి, తోక దగ్గర ఆగి తిరిగిన మలుపు పోయింది. ఏ దుకాణంలోనైనా దొరికే చిలుక అది. వెనక్కి తీయించాను. "వంకర ఉంది కదమ్మా" అన్నాడు. ఉంది. ఆ వంకర దగ్గరే ఆమె "ఆగు" అంటుంది. గీతను ముట్టుకోవద్దని చెప్పాను. ముక్కుల అంచు మాత్రం కొద్దిగా దళసరి చేశాం, బ్లేడుకు అంత సన్నటిది నిలవదు.

19 జూలై, శనివారం, రాత్రి

తొట్టెల నిలబడింది. ఐదు అంతస్తులు. జాలర్లు మొత్తం చేతి పనే. అత్తమ్మ ఎడమ చెయ్యి, నా కత్తెర. నాలుగు సాయంత్రాలు పట్టింది. పదహారు పొరలు ఒక్కసారి తెగుతుంటే వచ్చే ఆ కరకర శబ్దం మిషనులో లేదు.

చిలుకలు, హంసలు, "అమ్మవారికి" అనే అక్షరాలు మిషనువి, ఆకుపచ్చ కార్డులో, ఎర్ర కార్డులో. పల్చటి కాగితం చిలుకలు వానకు ఏటా తడిసి వేలాడేవి. ఇవి నిలబడతాయనుకుంటున్నాను. మైదా బంక ఉడకబెట్టి వేళ్ళన్నీ కాలాయి. రేపు మూడింటికి లేవాలి.

22 జూలై, మంగళవారం

అమ్మవారి దగ్గర తొట్టెల కట్టి వచ్చాం. నిన్న ఘటాల ఊరేగింపు. కాళ్ళు పీకుతున్నాయి.

ఆదివారం గుడి ముందు వరసలో నిలబడ్డప్పుడు అత్తమ్మ తల ఎత్తి తొట్టెలనే చూస్తూ ఉంది. తృప్తిగా చూస్తోందనుకున్నాను. ఇంటికొచ్చాక చెప్పింది: "చిలుకలకు కండ్లు లెవ్వు."

లేవు. స్కాన్ చేసిన బొమ్మలో కన్ను ఉంది. కానీ అంత చిన్న గుండ్రం దగ్గర బ్లేడు తిరగలేక చింపేస్తుంటే ఆ గీత నేనే తీసేశాను. తీసేశానని ఆమెకు చెప్పలేదు. రెండు రాత్రుళ్ళు ఈ మాటే తిరుగుతోంది. అమ్మవారి ముందు మా చిలుకలు కళ్ళు లేకుండా ఊగుతున్నాయి.

ఇవాళ పొద్దున ఆర్డరు చిలుకలు 22 కోశాను, ఒక బారసాల తోరణానికి. మిషను పనంతా నలభై నిమిషాలు. తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. దేవుడి గూట్లోంచి అగరబత్తి తెచ్చి వెలిగించి ఇచ్చాను. ఒక పళ్ళెంలో నీళ్ళు కూడా పక్కన పెట్టాను. అగరబత్తి పట్టుకోవడానికి బొటనవేలితో పనిలేదట. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకుని ఒక్కో చిలుకకు తాకించింది. ఊదింది. పక్కన పెట్టింది.

పదకొండో చిలుక దగ్గర అగరబత్తి నాకిచ్చి, "ముట్టియ్యి. నొక్కకు" అంది.

మొదటిది కాస్త పెద్దదైంది. తర్వాతవి బాగానే వచ్చాయి.